పాత ఫోన్ పనిచేస్తుండగానే ఇవ్వండి

అచ్చంపేట బస్టాండు దగ్గర నాకొక చిన్న మొబైల్ రిపేరు షాపు ఉంది. కౌంటరు పక్కన ఒక డబ్బా పెట్టి, ఇంట్లో వాడకుండా ఉన్న ఫోన్లు తెచ్చి ఇవ్వమని వచ్చినవాళ్ళందరినీ అడుగుతుంటాను. బాగయ్యేవి బాగుచేసి, కొనుక్కునే స్తోమత లేనివాళ్ళకు ఊరికే ఇస్తాను. బాగుకానివి పోగేసి రీసైక్లింగుకు పంపిస్తాను. దీని గురించి అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లల నుంచి కూడా మెసేజీలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఫోన్లు ఇచ్చే మనసు మనవాళ్ళకు బాగానే ఉంది. కానీ ఆలస్యంగా ఇస్తున్నారు. కొత్తది కొన్న రోజు పాతదాన్ని "ఎందుకైనా మంచిది, ఉండనీ" అని బీరువాలో పెడతారు. మూడు నాలుగేళ్ళ తర్వాత ఇల్లు సర్దేటప్పుడు బయటపడితే, అప్పుడు నా దగ్గరికి తెస్తారు. అప్పటికి దానితో నేను చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

ఎందుకో చెప్తాను. ఫోన్‌లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఫోన్ ఆపేసి పెట్టినా అందులోని చార్జింగ్ కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుంది. ఒక హద్దు దాటి దిగిందంటే లోపలి సెల్ దెబ్బతింటుంది, మళ్ళీ చార్జింగ్ ఎక్కదు. కొన్నింటిలో గ్యాస్ పట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీ వెనక మూతనో, ముందున్న డిస్‌ప్లేనో పైకి తోస్తుంది. అలా డిస్‌ప్లే కూడా పోతుంది. పెట్టినప్పుడు గీత కూడా లేని ఫోన్, తీసేసరికి రెండు పార్టులు మార్చాల్సిన ఫోన్ అవుతుంది. ఆ పార్టుల కోసం హైదరాబాదు జగదీష్ మార్కెట్‌కు పోతే, బాగా అమ్ముడుపోయిన మోడల్ అయితే దొరుకుతుంది. లేకపోతే "ఆ కాంబో రావట్లేదన్నా" అంటారు. డిస్‌ప్లే, టచ్ కలిసి వచ్చే పార్టును కాంబో అంటాం. అప్పుడు ఒకే మోడల్ ఫోన్లు రెండు దొరికేదాకా ఆగి, ఒకదాని డిస్‌ప్లే, ఇంకోదాని బోర్డు కలిపి ఒకటి చేయాలి. చాలా మోడళ్ళకు ఆ రెండోది ఎప్పటికీ రాదు.

బ్యాటరీ సంగతి అలా ఉంచండి. ఫోన్ బాగానే ఉన్నా దాని చుట్టూ లోకం ఆగదు కదా. ఆండ్రాయిడ్ 4 ఉన్న ఫోన్లలో ఇప్పుడు వాట్సాప్ నడవదు. ఎయిర్‌టెల్ 3జీ ఆపేసి ఏళ్ళయింది. జియోలో మొదటి నుంచీ 4జీయే, అందుకని 3జీ ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే సిగ్నలే రాదు. 2013లో ముప్పై వేలు పోసి కొన్న ఫోన్‌ను ఒక పెద్దాయన గుడ్డలో చుట్టి భద్రంగా తెచ్చిచ్చారు. చూడటానికి కొత్తదానిలాగే ఉంది. దాన్ని ఎవరికివ్వాలి? అదే రోజు ఒక డిగ్రీ పిల్లవాడు, అద్దం పగిలిన 4జీ ఫోన్ తెచ్చి "ఇది పనికొస్తదా అన్నా" అని మొహమాటపడుతూ ఇచ్చాడు. ఆ పగిలిన ఫోన్ వారం తిరగకముందే ఒకరి చేతిలో పనిచేస్తోంది.

ఈ పని మొదలైంది 2020లో. కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ళలో పాఠాలు మొదలుపెట్టారు. టీవీ ఉన్న ఇంట్లో పాఠం వినడానికి ఇబ్బంది లేదు. కానీ వర్క్‌షీట్లు, హోంవర్కు, సార్లను అడగాల్సిన సందేహాలు అన్నీ వాట్సాప్‌లోనే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆటో నడిపే నాన్న జేబులో ఉంటుంది. పొద్దున పోయిన మనిషి రాత్రికి వస్తాడు. అప్పటికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. మా దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసే ఒక సారు, ఫోన్ లేని పిల్లల పేర్లు కాగితం మీద రాసుకుని నా షాపుకు వచ్చారు. "పాతవి ఏమన్నా ఉంటే చూడు తమ్ముడూ, డబ్బులు నేనిస్తా" అన్నారు. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు. కస్టమర్లు వదిలేసి పోయినవి వాళ్ళకే ఫోన్ చేసి అడిగాను. అడిగితే ఎవరూ కాదనలేదు. అప్పటి నుంచి ఈ పని ఆగలేదు.

బడులు తెరిచాక ఇక ఈ అవసరం ఉండదనుకున్నాను. కానీ అవసరం తగ్గలేదు, వచ్చే మనుషులు మారారు.

ఉపాధి హామీ పనుల దగ్గర కూలీల హాజరు 2023 జనవరి 1 నుంచి యాప్‌లోనే వేయాలని కేంద్రం తప్పనిసరి చేసింది. పని జరిగేచోట నిలబడి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలి. ఏ జాగాలో తీశారో ఫొటోతో పాటే నమోదవుతుంది. ఆ పని కూలీల గుంపును చూసుకునే మేట్ మీద పడింది. మేట్ కూడా కూలికి వచ్చే మనిషే. చాలాచోట్ల ఆడవాళ్ళు. యాప్ నడవాలంటే జీపీఎస్, కెమెరా సరిగా ఉన్న స్మార్ట్‌ఫోన్ కావాలి. నల్లమల అంచున ఉన్న ఒక తండా నుంచి ఒక అక్క వచ్చింది. ఆమె పక్కింటివాళ్ళ ఫోన్ అడుక్కుని హాజరు వేస్తోంది. వాళ్ళు ఊరికిపోయిన రోజు హాజరు లేదు. హాజరు లేకపోతే ఆ రోజు కూలి ఆమె ఒక్కదానిదే కాదు, గుంపు మొత్తానిదీ పోతుంది. "అందరూ నన్నే అంటరు తమ్ముడూ" అని చెప్తుంటే ఆమె గొంతు వణికింది. ఆమెకిచ్చిన ఫోన్‌లో చార్జింగ్ పిన్ను, బ్యాటరీ మార్చాను. అంతే, పెద్ద రిపేరేమీ కాదు. ఎవరో వాడటం మానేసిన ఆ ఫోన్ మీద ఇప్పుడు ఇన్ని ఇళ్ళ కూలి ఆధారపడి ఉంది. దీన్ని నేను దానం అనను. ఆ పనికి ఫోన్ తప్పనిసరి చేసినవాళ్ళు ఫోన్ కూడా ఇవ్వాల్సింది. ఇవ్వలేదు కాబట్టి మనం ఇస్తున్నాం.

ఇంకొక సంగతి ఎక్కువమందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. డిస్‌ప్లే మీద గీతలు పడి, సగం నల్లబడి, అక్షరం కనపడని ఫోన్లు నాకు బాగా వస్తాయి. టచ్ మాత్రం పనిచేస్తుంటుంది. అలాంటిది ఎవరూ వాడరనే మొదట నేనూ పక్కన పెట్టేవాణ్ణి. ఒకసారి చూపులేని ఒక డిగ్రీ విద్యార్థి ఇయర్‌ఫోన్ కోసం వచ్చాడు. తన ఫోన్‌ను అతను టాక్‌బ్యాక్ పెట్టుకుని వాడుతున్నాడు. స్క్రీన్ మీద వేలు ఎక్కడ ఆనితే అక్కడ ఏముందో ఫోన్ గొంతుతో చెప్తుంది. తెలుగు గొంతు కూడా ఉంది. "అన్నా, డిస్‌ప్లే పోయినవి నాకివ్వు, నాకు డిస్‌ప్లేతో పనేముంది?" అన్నాడు. అది విన్నాక నా లెక్కే మారిపోయింది. డిస్‌ప్లే కాంబోకు పన్నెండు, పదిహేను వందలు పెట్టలేక ఆపిన ఫోన్లు అతని స్నేహితులకు ఉన్నవి ఉన్నట్టే పనికొచ్చాయి. నేను చేయాల్సిందల్లా టచ్ అంతటా సరిగా ఉందో లేదో చూడటం, స్పీకరు శుభ్రం చేయడం, టాక్‌బ్యాక్ ఆన్ చేసి తెలుగు గొంతు దించి ఇవ్వడం. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న 'మణి' అనే యాప్ తెచ్చింది. నోటును కెమెరా ముందు పెడితే అది ఎంత నోటో చెప్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. సిమ్ లేని ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. అందుకే ఆ పిల్లలకిచ్చే ప్రతి ఫోన్‌లో అది వేసే ఇస్తున్నాను. చిల్లర తీసుకునేటప్పుడు ఇంకొకరిని అడగక్కర్లేకుండా తామే చూసుకోవడం వాళ్ళకు ఎంత పెద్ద విషయమో వాళ్ళ మాటల్లో వింటే తెలుస్తుంది.

బడి పిల్లలకు ఇచ్చేవాటిలో దీక్ష యాప్ వేస్తాను. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తుంది. బళ్ళోనో, పక్కవాళ్ళ హాట్‌స్పాట్ మీదనో ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకుండా చూసుకోవచ్చు. ముసలివాళ్ళకు కీప్యాడ్ ఫోన్లే ఇస్తాను. కాకపోతే ఏ సిమ్ వేస్తారో ముందే అడగాలి, 2జీ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు.

ఒకటి మాత్రం తీసుకున్న ప్రతివాళ్ళకూ గట్టిగా చెప్తాను. పాత ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు యాప్‌లు వేయొద్దు. కంపెనీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన ఫోన్ అది. చదువుకు, మాట్లాడటానికి, హాజరుకు వాడుకోండి. డబ్బు మాత్రం అందులో పెట్టొద్దు.

ఇప్పుడు ఇచ్చేవాళ్ళు చేయాల్సిన పని. మీ గూగుల్ ఖాతా తీసేయకుండా ఫోన్ ఇస్తే, ఎంత మంచి ఫోనైనా నా చేతిలో ఇటుకే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఈ తాళం ఉంది. బటన్లు నొక్కి రీసెట్ కొట్టినా, ఆన్ కాగానే పాత మెయిలు, పాస్‌వర్డు అడుగుతుంది. ఐఫోన్‌కు కూడా అలాంటి తాళమే ఉంటుంది. ఈ తాళాన్ని దాటించే పద్ధతులు బజార్లో ఉన్నాయి. నేను చేయను. దొంగ ఫోన్‌కు, దానంగా వచ్చిన ఫోన్‌కు తేడా తెలిసేది ఆ తాళం దగ్గరే. అందుకే ముందు సెట్టింగ్స్‌లోకి పోయి మీ ఖాతా తీసేయండి. ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సిమ్, మెమరీ కార్డు తీసుకోండి. వాట్సాప్ కొత్త ఫోన్‌లో మొదలైందో లేదో చూసుకోండి. బ్యాంకు మెసేజీలన్నీ కొత్తదానికే వస్తున్నాయని నిర్ధారించుకోండి. ఇవన్నీ చేయడం రాకపోతే షాపుకు రండి, మీ ఎదుటే చేస్తాను.

ఫొటోల గురించి ఆడవాళ్ళు ఎక్కువగా భయపడతారు. ఆ భయం సరైనదే, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. గత కొన్నేళ్ళుగా వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపలున్నదంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే బయటివాళ్ళు చదవలేని రాతగా మారి ఉంటుంది. రీసెట్ చేస్తే దాన్ని తెరిచే తాళంచెవే చెరిగిపోతుంది. ఇక ఫొటోలు బయటికి తీయడం మామూలు పనికాదు. మరీ పాత ఫోన్లలో అలా ఉండదు. వాటికి రీసెట్ చేశాక, ఫోన్ మెమరీ నిండేదాకా పనికిరాని వీడియో ఏదైనా ఎక్కించి మళ్ళీ రీసెట్ చేస్తాను. ఆన్ కాని ఫోన్ అయితే వేరే డిస్‌ప్లే తగిలించి, మీరు చూస్తుండగా చెరిపేస్తాను. అదీ కుదరకపోతే బోర్డు మీద మెమరీ చిప్‌ను మీ ముందే డ్రిల్ చేసి రీసైక్లింగు డబ్బాలో వేస్తాను. అప్పటికీ మనసొప్పకపోతే ఇవ్వకండి. నేనేమీ అనుకోను.

తెచ్చిన ప్రతి ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు, రిజిస్టరులో రాస్తాను. ఇచ్చినవాళ్ళ పేరు, సంతకం తీసుకుంటాను. స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొడితే ఆ నంబరు కనపడుతుంది. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోన్ బ్లాకు అయిందో లేదో తెలుస్తుంది. మీరు సెకండ్‌హ్యాండ్ ఫోన్ ఎక్కడ కొన్నా ముందు ఇది చేయండి.

ఊళ్ళలో మోటారు సైకిలు మీద మైకు పెట్టుకుని "పాత సెల్‌ఫోన్లు, పాడైన సెల్‌ఫోన్లు కొంటాం" అంటూ తిరిగేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఫోన్ ఇస్తే ప్లాస్టిక్ బకెట్టో, గిన్నో ఇస్తారు. పొట్టకూటి కోసం తిరిగేవాళ్ళే వాళ్ళలో ఎక్కువ ఉండొచ్చు. కానీ 2024లో రామగుండం పోలీసులు, ఇలా ఊళ్ళలో కొని గోనెసంచుల్లో కట్టిన దాదాపు 4 వేల పాత ఫోన్లు పట్టుకున్నారు. అవి సైబర్ నేరగాళ్ళ చేతికి పోతున్నాయని పోలీసులు చెప్పారు. మీ ఆధార్‌తో తీసుకున్న సిమ్ వాడిన ఫోన్, మీ పేరు మీద బిల్లు ఉన్న ఫోన్. అది ఒక బకెట్టు కోసం ఎవరి చేతికో పోకూడదు. మా అమ్మకు, మా చిన్నమ్మకు, మా వాడకట్టులో అందరికీ ఇదే చెప్తున్నాను.

ఇక బాగుకాని ఫోన్ల విషయం. అవి కూడా చెత్త కాదు. ఒక్కొక్క ఫోన్‌లో రాగి, వెండి, బంగారం, కోబాల్టు ఉంటాయి. జపాన్‌వాళ్ళు 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి వరకు జనం దగ్గర పాత ఎలక్ట్రానిక్ వస్తువులు దాదాపు 79 వేల టన్నులు పోగుచేశారు. అందులో మొబైల్ ఫోన్లే సుమారు 62 లక్షలు. వాటి నుంచి తీసిన 32 కిలోల బంగారంతో, 3,500 కిలోల వెండితో, 2,200 కిలోల కంచుతో టోక్యో ఒలింపిక్స్, పారాలింపిక్స్ పతకాలు, దాదాపు 5 వేలు, చేశారు. నీరజ్ చోప్రా మెడలోని పతకం అలా వచ్చినదే. బళ్ళకు పోయి పిల్లలకు ఈ సంగతి చెప్తే, ఇంటికెళ్ళి బీరువాలన్నీ వెతికి మరీ తెస్తారు.

అదే బంగారం కోసం మన దేశంలో ఏం జరుగుతోందో కూడా తెలియాలి. కబాడీకి, అంటే పాత సామాన్లు కొనేవాళ్ళకు, పోయిన బోర్డులు చేతులు మారి ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు చేరతాయి. అక్కడ వైర్లు కాల్చి రాగి తీస్తారు. బోర్డులను యాసిడ్‌లో ముంచి బంగారం తీస్తారు. చేతులకు తొడుగులు లేవు, ముఖానికి గుడ్డ లేదు, ఆ పని చేసేవాళ్ళలో పిల్లలున్నారు. సీసం, విషపు పొగ వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి, మిగిలిన యాసిడ్ మురికి కాలువలోకి. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు వస్తే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమే. మన దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఫోన్ తయారుచేసిన కంపెనీదే దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత. రీసైకిల్ చేసేవాళ్ళు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. కాబట్టి మీ ఊళ్ళో నాలాంటివాళ్ళు లేకపోయినా, పాడైన ఫోన్‌ను ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళి తీసుకోమని అడగండి. అడగడం మన హక్కు. హైదరాబాదు చర్లపల్లిలోని సీమెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ, ఫోన్లు, కంప్యూటర్ల బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది. యాసిడ్ తొట్లు లేకుండా ఈ పని మన దగ్గరే జరగాలని నాకు గట్టిగా ఉంది.

ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోన్ మాత్రం నా డబ్బాలో మీరే వేయకండి. చేతికివ్వండి. చార్జింగ్ పెట్టి చూడొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు, మున్సిపాలిటీ చెత్తబండిలో అసలే వేయొద్దు. నలిగితే మంట లేస్తుంది. అలాంటివాటికి వెనకవైపు ఇసుక పోసిన ఇనుప డబ్బా వేరే ఉంది. ఊళ్ళో కిరాణా షాపుల్లో కూడా డబ్బాలు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. ఈ బ్యాటరీల భయం వల్లే నేను ఒప్పుకోలేదు.

అమెరికాలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీరు ప్రేమతో అడుగుతున్నారు, సంతోషం. కానీ అక్కడి సిమ్ కంపెనీకి లాక్ అయిన ఫోన్‌లో మన సిమ్ పనిచేయదు. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మిన చాలా మోడళ్ళకు సిమ్ పెట్టే చోటే ఉండదు, ఈ-సిమ్ మాత్రమే. మా తండా అక్కకు అది కష్టం. మీ ఫోన్లు మీ దగ్గరే ఇవ్వండి. అక్కడ ఏ ప్లానూ లేని ఫోన్ నుంచి కూడా 911కు కాల్ పోతుంది, ఇంట్లో హింస పడలేక బయటికొచ్చిన ఆడవాళ్ళకు అది అక్కరకొస్తుంది. ఇక్కడికి ఏదైనా చేయాలనుంటే, ఈసారి ఇంటికొచ్చినప్పుడు అమ్మానాన్నల బీరువా తెరిచి, అందులో ఉన్న ఫోన్లు నాకు తెచ్చివ్వండి. వాటికి కావాల్సిన బ్యాటరీల ఖర్చు ఇస్తే ఇంకా మంచిది.

దసరా, దీపావళి ఆఫర్లలో చాలామంది కొత్త ఫోన్లు కొంటారు. కొన్న వారంలోనే పాతది తీసుకురండి, చార్జరుతో సహా. ఎక్స్‌చేంజిలో మంచి ధర వస్తుంటే అమ్ముకోండి, అది మీ కష్టం. ఐదొందలు, ఆరొందలు ఇస్తామన్నప్పుడు మాత్రం ఒక్కసారి నా గురించి ఆలోచించండి. ప్రస్తుతం నా దగ్గర రాసుకున్నవాళ్ళలో ముగ్గురు మేట్లు, నర్సింగ్ చదివే ఒక అమ్మాయి, చూపులేని ఇద్దరు ఇంటర్ పిల్లలు ఉన్నారు. షాపు ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది. మంగళవారం మధ్యాహ్నం దాకా పార్టుల కోసం హైదరాబాదులో ఉంటాను, సాయంత్రం రండి.